కోడ్ ఎనాలిసిస్ టూల్ వేగం కొలిచేటప్పుడు స్టార్టప్ సమయాన్ని ఏం చేయాలి: ఆరు దారులు, ఏది ఎవరికి

బెంగళూరు బెళ్ళందూరులోని మా ఆఫీసులో జావా కోడును పరిశీలించే ఒక టూల్‌కు సొంత రూల్స్ రాసుకుని వాడుతుంటాం. వాటిలో ఒక రూల్‌ను పోయినేడాది పూర్తిగా తిరగరాశాను. సింటాక్స్ ట్రీని (కోడు నిర్మాణాన్ని చెట్టులా చూపే రూపాన్ని) పలుమార్లు చుట్టి వచ్చే పాత పద్ధతిని తీసేసి, ఒక్కసారి చుట్టి రావడంతోనే పని పూర్తయ్యేలా చేశాను. చేసే పని తగ్గిందని కోడ్ చదివిన ఎవరికైనా తెలుస్తుంది. కానీ యాభై ఫైళ్ళ మీద పాతదాన్నీ కొత్తదాన్నీ పదేసి సార్లు నడిపి చూస్తే రెండింటి మధ్య తేడా దాదాపు కనిపించలేదు, ఒకటి రెండు సార్లయితే కొత్తదే నెమ్మదిగా ఉన్నట్టు కూడా వచ్చింది. రివ్యూలో "ఈ మార్పు వల్ల లాభం ఎంత" అని అడిగినప్పుడు చూపించడానికి నా దగ్గర అంకె లేదు. లోపం రూల్‌లో కాక కొలిచిన తీరులో ఉందని అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. టూల్ మొదలై మొదటి ఫైలును ముట్టుకునే లోపు 1.8 సెకన్లు (ఇదే స్టార్టప్ సమయం) పడుతుందని, ఆ తర్వాత ఒక్కో ఫైలుకు 4 మిల్లీసెకన్లు పడుతుందని అనుకుందాం. యాభై ఫైళ్ళకు మొత్తం 2 సెకన్లు. విశ్లేషణను పావు వంతు వేగవంతం చేసి ఫైలుకు 3 మిల్లీసెకన్లకు తెచ్చామంటే మొత్తం 1.95 సెకన్లవుతుంది. చేసిన మెరుగుదల 25 శాతం, కనిపించేది 2.5 శాతం. మామూలు ల్యాప్‌టాప్‌లో ఒక రన్‌కూ మరో రన్‌కూ మధ్య రెండు మూడు శాతం తేడా దానంతట అదే వస్తుంది కాబట్టి, మన మెరుగుదల ఆ ఊగిసలాటలోనే కలిసిపోతుంది. బెంగళూరు ఆటో మీటరు చూసేవారికి ఈ లెక్క కొత్త కాదు. మొదటి 2 కిలోమీటర్లకు కనీస చార్జీ 36 రూపాయలు, ఆ తర్వాతే కిలోమీటరుకు 18 రూపాయల చొప్పున పడుతుంది. ఇంటి నుంచి వీధి చివరి వరకు ఎన్నిసార్లు ఆటో ఎక్కినా కిలోమీటరు ధర ఎంతో మీటరు చెప్పదు.

స్టార్టప్ సమయాన్ని వదిలించుకోవడానికి చాలా దారులున్నాయి. వాటిలో కొన్ని దాన్ని నిజంగా తగ్గిస్తాయి, కొన్ని లెక్కలో వేరు చేసి పక్కన పెడతాయి, మరికొన్ని మన కంటికి కనిపించకుండా మాత్రమే చేస్తాయి. ఈ మూడూ ఒకటి కావు. టూల్ వాడేవారు రోజూ భరిస్తున్న ఆలస్యాన్ని మన కొలతలోంచి తీసేస్తే వచ్చే అంకె అందంగానే ఉంటుంది, కానీ అది వారికి ఏ విధంగానూ పనికిరాదు. ఏ దారి మంచిదని అడిగినవారికి నేను మొదట చెప్పేది ఇదే.

ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు, ఎవరు ఎక్కడ ఎదురుచూసే సమయాన్ని కొలుస్తున్నామో స్పష్టంగా ఉండాలి. కమిట్ చేసేటప్పుడు (మార్పులను కోడు చరిత్రలో భద్రపరిచేటప్పుడు) మూడు ఫైళ్ళ మీద టూల్ నడిచే డెవలపర్‌కు స్టార్టప్పే మొత్తం అనుభవం. రాత్రి పూట సీఐలో (కోడును సర్వర్ మీద దానంతట అదే పరీక్షించే ఏర్పాటులో) పదివేల ఫైళ్ళ మీద నడిచే జాబ్‌కు అదే స్టార్టప్ లెక్కలోకి రానంత చిన్నది. రూల్ రాసేవారికైతే అది అడ్డం మాత్రమే, ఎందుకంటే వారు మార్చగలిగేది విశ్లేషణ భాగాన్నే.

రెండవది, ఒక రన్ ప్రభావం తర్వాతి రన్ మీద పడుతుందా అన్నది. ప్రతి రన్ కొత్త ప్రాసెస్‌లో మొదలైతే ఈ భయం తక్కువ. ఒకే ప్రాసెస్‌ను మళ్ళీ మళ్ళీ వాడుకునే దారుల్లో పాత మెమరీ, పాత ఫలితాలు, ఒక్కోసారి పాత కోడే మిగిలిపోయి ఉంటుంది.

మూడవది, ఎంత చిన్న తేడాను పట్టుకోవాలన్నది. రెండింతల వేగం వచ్చిందా అని చూడడానికి చేతి గడియారం సరిపోతుంది, మూడు శాతం తేడాకు చాలా శ్రద్ధ కావాలి. నాలుగవది శ్రమ, అంటే ఈ ఏర్పాటును మీరు ఒక్క మధ్యాహ్నం వాడి వదిలేస్తారా, లేక రెండేళ్ళ పాటు సీఐలో నడుపుతారా అన్నది.

స్టార్టప్‌లో ఏమేం కలిసి ఉంటాయి

స్టార్టప్ అని మనం ఒక్క మాటలో అంటున్నా, అందులో కనీసం నాలుగు వేర్వేరు ఖర్చులు ఉంటాయి. రన్‌టైమ్ (ప్రోగ్రామును నడిపించే ఏర్పాటు) లేవడం మొదటిది. టూల్ సొంత క్లాసులు, మాడ్యూళ్ళు లోడ్ కావడం రెండవది. కాన్ఫిగరేషన్ చదివి రూల్స్‌ను సిద్ధం చేసుకోవడం మూడవది. ప్రాజెక్టు లైబ్రరీల టైప్ సమాచారాన్ని చదవడం నాలుగవది. జేవీఎం (జావా రన్‌టైమ్) మీద నడిచే టూల్స్‌కు ఐదవది కూడా ఉంది, దాన్ని వార్మప్ అంటారు. కోడ్ మొదట ఇంటర్‌ప్రెటర్‌లో (ఒక్కో ఆదేశాన్నీ చదివి నడిపే భాగంలో) నడిచి, బాగా వాడుకలోకి వచ్చిన మెథడ్లు మొదట సీ1, ఆ తర్వాత సీ2 కంపైలర్ల చేతిలో పడి క్రమంగా వేగం పుంజుకుంటాయి. కాబట్టి మొదటి వంద ఫైళ్ళకు పట్టే సమయమూ, వెయ్యి ఫైళ్ళు దాటాక వంద ఫైళ్ళకు పట్టే సమయమూ ఒకటి కావు. పెనం కాలకముందు పోసిన దోసెకు పట్టే సమయాన్ని బట్టి గంటకు ఎన్ని దోసెలు వస్తాయో లెక్క కట్టకూడదు.

ఏది ఎంత తింటుందో చూడడం కష్టమేమీ కాదు. చాలా టూల్స్‌లో వెర్షన్ చూపించే ఆప్షన్ ఉంటుంది. దానితో నడిపితే విశ్లేషణ ఏదీ జరగదు కాబట్టి, పట్టిన సమయంలో దాదాపు అంతా మొదటి రెండు ఖర్చులే. పైథాన్ టూల్స్‌కు 3.7 వెర్షన్ నుంచి ఇంపోర్ట్‌టైమ్ అనే ఆప్షన్ ఉంది, ఏ మాడ్యూల్ లోడ్ కావడానికి ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో అది వరుసగా అచ్చు వేస్తుంది. ఎవరూ వాడని ఒక రిపోర్టు ఫార్మాట్ కోసం పెద్ద లైబ్రరీ ఒకటి ప్రతిసారీ లోడవుతోందని ఆ జాబితా చూస్తేనే బయటపడుతుంది.

ఒక్క చూపులో

| దారి | స్టార్టప్ ఏమవుతుంది | రన్‌ల మధ్య కలగలుపు | ఎవరి అనుభవానికి దగ్గర | శ్రమ |
|---|---|---|---|---|
| ఎక్కువ ఫైళ్ళు ఒకే రన్‌లో | పలచబడుతుంది | లేదు | సీఐలో పూర్తి రన్ | తక్కువ |
| తీసివేత, లేదా సరళరేఖ లెక్క | లెక్కలో వేరవుతుంది | లేదు | రూల్ రాసేవారు | తక్కువ |
| డీమన్ (మెమరీలోనే నిలిచి ఉండే టూల్) | ఒక్కసారే పడుతుంది | ఎక్కువ | ఎడిటర్‌లో వాడేవారు | మధ్యస్థం |
| హార్నెస్ (కొలత కోసం రాసిన ప్రోగ్రాము) లోపలి నుంచి పిలవడం | కొలత బయటే ఉండిపోతుంది | కొంత | రూల్ రాసేవారు | ఎక్కువ |
| స్టార్టప్ క్యాష్ | నిజంగా తగ్గుతుంది | లేదు | కమిట్ చేసేవారు | తక్కువ |
| నేటివ్ బైనరీ (ముందే మెషిన్ కోడ్‌గా మార్చిన టూల్) | చాలా తగ్గుతుంది | లేదు | కమిట్ చేసేవారు | చాలా ఎక్కువ |

ఎక్కువ ఫైళ్ళను ఒకే రన్‌లో ఇవ్వడం

అన్నిటికంటే సులభమైన దారి ఇది. పై ఊహా లెక్కనే 2000 ఫైళ్ళతో వేస్తే పాతది 9.8 సెకన్లు, కొత్తది 7.8 సెకన్లు. 2.5 శాతంగా కనిపించిన తేడా 20 శాతంగా తేలుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కరలేదు, ఒక పెద్ద ప్రాజెక్టును ఎంచుకుని దాని ఒక కమిట్‌ను ఖాయం చేసుకుంటే చాలు. నా అభిప్రాయంలో చాలామంది ఇక్కడే ఆగిపోవచ్చు.

జాగ్రత్త పడవలసిన సందర్భాలు రెండున్నాయి. సీ, సీ ప్లస్ ప్లస్ కోడును చూసే క్లాంగ్ టైడీ లాంటి టూల్స్ ప్రతి సోర్స్ ఫైలుకూ దాని హెడర్లన్నిటినీ కొత్తగా పార్స్ చేస్తాయి. అక్కడ బరువైన స్థిర ఖర్చు రన్‌కు ఒకసారి కాదు, ఫైలుకు ఒకసారి పడుతుంది. ఎన్ని ఫైళ్ళు కలిపి ఇచ్చినా అది పలచబడదు. దానికి సరైన మందు చెక్ ప్రొఫైల్ అనే ఆప్షన్, ఏ చెక్‌కు ఎంత సమయం పట్టిందో టూలే విడదీసి చెబుతుంది. జావాస్క్రిప్ట్ టూల్ ఈఎస్‌లింట్‌లో టైమింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, జావాకు వాడే పీఎండీలో బెంచ్‌మార్క్ అనే ఆప్షన్ ఇలాంటి పనే చేస్తాయి. మీ టూల్‌లో ఇలాంటి సదుపాయం ఉంటే మిగిలిన దారులన్నిటికంటే ముందు దాన్ని చూడండి.

రెండవ సందర్భం ఫైళ్ళను ఎవరు పంచుతున్నారన్నది. కమిట్‌కు ముందు టూల్స్‌ను నడిపే ప్రీకమిట్ ఫ్రేమ్‌వర్క్ ఫైళ్ళ జాబితాను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో ప్రాసెస్ చొప్పున సమాంతరంగా నడుపుతుంది. మనం ఒక రన్ అనుకున్నది లోపల ఎనిమిది రన్‌లు కావచ్చు, అప్పుడు స్టార్టప్ ఎనిమిదిసార్లు పడుతుంది. హుక్ కాన్ఫిగరేషన్‌లో రిక్వైర్ సీరియల్ అని పెడితే అది సమాంతరంగా నడపడం మానేస్తుంది.

తీసివేత, సరళరేఖ

ఖాళీ రన్ సమయాన్ని మొత్తంలోంచి తీసేస్తే మిగిలేదే విశ్లేషణ సమయం కదా అన్నది ఎవరికైనా మొదట తట్టే ఆలోచన. ఆలోచన సరైనదే కానీ, తీసివేతలో నాయిస్ (రన్‌కూ రన్‌కూ మధ్య ఊగిసలాట) తగ్గకపోగా పెరుగుతుంది. మొత్తం 2 సెకన్లు, ఖాళీ రన్ 1.8 సెకన్లు, రెండింటిలోనూ అటూ ఇటూ 0.06 సెకన్ల ఊగిసలాట ఉందనుకుందాం. తేడా 0.2 సెకన్లు, దానిలోని ఊగిసలాట 0.06ను రెండు వర్గమూలంతో గుణిస్తే వచ్చే 0.085. అంటే మనం తెలుసుకోవాలనుకున్న అంకె మీద 42 శాతం అనిశ్చితి. రెండింటినీ వందేసి సార్లు నడిపి సగటు తీస్తే అది 4 శాతం చుట్టుపక్కలకు దిగుతుంది. కాబట్టి ఈ దారి ఎంచుకునేవారు రన్‌ల సంఖ్య విషయంలో పొదుపు చేయకూడదు.

ఖాళీ రన్ అంటే ఏమిటో కూడా ఆలోచించాలి. వెర్షన్ ఆప్షన్‌తో నడిపిన రన్‌ను తీసేస్తే, రూల్స్ సిద్ధం కావడానికి పట్టే సమయం విశ్లేషణ ఖాతాలోనే ఉండిపోతుంది. అదే కాన్ఫిగరేషన్, అదే రూల్స్‌తో ఒక ఖాళీ క్లాసున్న ఫైలును ఇచ్చి నడపడం సరైన పద్ధతి.

నాకు ఇంతకంటే నచ్చేది సరళరేఖ పద్ధతి. 250, 500, 1000, 2000, 4000 ఫైళ్ళ మీద విడివిడిగా కొలిచి గ్రాఫ్ మీద పెడితే, మొత్తం సమయం అంటే స్థిర ఖర్చుకు ఫైళ్ళ సంఖ్య మేరకు పెరిగే ఖర్చు కలిసినదే కాబట్టి, గీత వాలు ఒక్కో ఫైలు ఖర్చును, గీత నిలువు అక్షాన్ని తాకే చోటు స్టార్టప్‌ను చెబుతాయి. రెండు వెర్షన్ల గీతలను పక్కపక్కన పెడితే మీ మార్పు స్టార్టప్‌ను తగ్గించిందా, విశ్లేషణను తగ్గించిందా అన్నది వేరే వాదన అక్కరలేకుండా తేలిపోతుంది. ఫైళ్ళను మాత్రం పేర్ల వరుసలో కాక యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి, లేకపోతే ఒక ఫోల్డర్‌లోని చిన్న టెస్ట్ ఫైళ్ళన్నీ ఒకే చోట చేరి గీతను వంచేస్తాయి. జేవీఎం టూల్స్‌లో గీత మొదట్లో నిటారుగా లేచి తర్వాత వాలుతుంది, పైన చెప్పిన కంపైలర్ల వల్ల. ఆ వంపు దాటిన బిందువులతోనే వాలు లెక్క కట్టండి. అలా చేసినప్పుడు నిలువు అక్షం మీద వచ్చే స్టార్టప్ అంకెలో వార్మప్ కూడా కలిసి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

డీమన్: వేగంగా ఉంటుంది, మోసం కూడా చేస్తుంది

టూల్‌ను ఒకసారి లేపి మెమరీలోనే ఉంచి, ప్రతిసారీ దానికి పని అప్పగించడం మూడవ దారి. పైథాన్ టూల్ మైపైకి డీమైపై, ఈఎస్‌లింట్‌కు ఈఎస్‌లింట్ డీ ఉన్నాయి. జావా ప్రోగ్రాముల కోసం నెయిల్‌గన్ అనే పాత ఏర్పాటు ఉంది. బిల్డ్ టూల్ అయిన గ్రాడిల్ ప్లగిన్ ద్వారా నడిచే టూల్ అయితే మీకు తెలియకుండానే డీమన్ వాడుతున్నారు, 2016లో వచ్చిన గ్రాడిల్ 3.0 నుంచి అది ఆన్‌లోనే వస్తుంది, 3 గంటలు ఖాళీగా ఉంటే దానంతట అది ఆగుతుంది.

అనంతపురం నుంచి వచ్చి మా టీమ్‌లో చేరిన ఒక తమ్ముడు ఒకరోజు సాయంత్రం నా సీటు దగ్గరికి వచ్చి, "అన్నా, రూల్‌లో పని చేసే కోడంతా తీసేసి ఖాళీ మెథడ్ పెట్టినా అంకె మారడం లేదు" అన్నాడు. ఇద్దరం కూర్చుని చూశాం. స్క్రీన్ మీద 3.41, 3.39, 3.42 అని వరుసగా వస్తున్నాయి, ఊగిసలాట కూడా లేనంత నిలకడగా ఉన్నాయి. ప్రాసెస్‌ల జాబితా తెరిచి చూస్తే, మా సొంత డీమన్ ఆ ఉదయం 10:20కి మొదలైనట్టు ఉంది. జార్ ఫైలు (కంపైలైన రూల్స్ ఉండే ఫైలు) మాత్రం సాయంత్రం 4 దాటాక తయారైంది. రోజంతా అతను కొలిచింది ఉదయం లోడైన పాత రూల్‌నే. డీమన్‌ను చంపి మళ్ళీ లేపగానే అంకె మారింది. ఆ రోజు నుంచి మా స్క్రిప్టు కొలత మొదలుపెట్టే ముందు డీమన్ మొదలైన సమయాన్నీ జార్ తయారైన సమయాన్నీ పోల్చి చూస్తుంది, జార్ కొత్తదైతే అక్కడే ఆగిపోతుంది.

ఇంతకంటే మెత్తగా ముంచేవి కూడా ఉన్నాయి. డీమన్ హీప్ (మెమరీ) నిండుతున్న కొద్దీ గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఖాళీ చేసే పని) పెరిగి తర్వాతి రన్‌లు నెమ్మదిస్తాయి. దానికి విరుద్ధంగా, ఫైలు మారలేదని గమనించి పాత ఫలితాన్నే ఇచ్చే డీమన్‌లో రెండో రన్ నుంచి విశ్లేషణే జరగదు. డీమన్‌తో కొలిచేవారు వెర్షన్ మారినప్పుడల్లా దాన్ని కొత్తగా లేపాలి, పాత కొత్త వెర్షన్లను ఒకదాని తర్వాత ఒకటిగా మార్చి మార్చి నడపాలి, మొదటి కొన్ని రన్‌లను వదిలేయాలి.

డీమన్ ద్వారా వచ్చిన అంకె, నిజంగా డీమన్ వాడేవారి విషయంలో మాత్రమే సత్యం. ఎడిటర్‌లో టైప్ చేస్తుండగానే తప్పులు చూపించే ఏర్పాటుకు ఇది సరైన కొలత. సీఐలో ప్రతి జాబ్ కొత్త కంటైనర్‌లో మొదలయ్యే చోట దీన్ని చూపించడం తప్పుదారి పట్టించడమే.

టూల్ సొంత క్యాష్ గురించి ఒక హెచ్చరిక

ఇది ప్రత్యేకమైన దారి కాదు గానీ, అన్ని దారుల్లోనూ అడ్డు తగులుతుంది కాబట్టి ఇక్కడే చెప్పాలి. కొత్త విశ్లేషణ టూల్స్ చాలావరకు పాత ఫలితాలను డిస్కులో దాచుకుంటాయి. మైపై ఈ పని అడగకుండానే చేస్తుంది, ఈఎస్‌లింట్, పీఎండీ, చెక్‌స్టైల్ అడిగితే చేస్తాయి. ఇప్పుడు కమాండ్ల సమయం కొలిచే హైపర్‌ఫైన్ తీసుకుని, మంచి అలవాటే కదా అని మూడు వార్మప్ రన్‌లు (లెక్కలోకి తీసుకోని ముందస్తు రన్‌లు) పెట్టామనుకోండి. ఆ వార్మప్ రన్‌లు క్యాష్‌ను నింపేస్తాయి, ఆ తర్వాత కొలిచిన ప్రతి రన్ దాచిన ఫలితాలను చదివి ముగిసిపోతుంది. మనం కొలిచింది విశ్లేషణను కాదు, ఒక ఫైలు చదవడాన్ని. హైపర్‌ఫైన్‌లోనే ప్రిపేర్ అనే ఆప్షన్ ఉంది, ప్రతి రన్‌కు ముందు అది ఇచ్చిన కమాండ్‌ను నడుపుతుంది, ఆ సమయాన్ని లెక్కలో కలపదు. క్యాష్ ఫోల్డర్‌ను తుడిచేసే కమాండ్‌ను అక్కడ పెట్టాలి.

వార్మప్ రన్‌ల అసలు ఉపయోగం వేరు. జార్ ఫైళ్ళూ సోర్స్ ఫైళ్ళూ లినక్స్ పేజ్ క్యాష్‌లోకి చేరి, డిస్కు వేగం కొలత మీద ప్రభావం చూపకుండా పోతుంది. జేవీఎం వార్మప్‌తో దీనికి సంబంధం లేదు, ఎందుకంటే ప్రతి రన్ కొత్త ప్రాసెస్సే. ఈ రెండు వార్మప్‌లనూ ఒకటే అనుకునేవారిని తరచూ చూస్తుంటాను.

హార్నెస్ లోపలి నుంచి పిలవడం

టూల్‌ను కమాండ్‌గా కాక లైబ్రరీగా పిలిచి, ఒక ఫైలును పార్స్ చేసి సిద్ధంగా ఉంచుకుని, రూల్ పనిని మాత్రమే కొలవడం ఇది. జావాకు జేఎంహెచ్ ఇందుకోసమే ఉంది. మిల్లీసెకను కంటే తక్కువ తేడాను కూడా నమ్మకంగా పట్టుకోగల దారి ఇదొక్కటే అని నా అనుభవం.

ఓపిక మాత్రం కావాలి. జేఎంహెచ్ మామూలు అమరికలో 5 ఫోర్క్‌లు (కొత్తగా లేచే జేవీఎంలు), ఒక్కో ఫోర్క్‌లో 10 సెకన్ల వార్మప్‌లు 5, ఆ తర్వాత 10 సెకన్ల కొలతలు 5 ఉంటాయి. ఒక్క బెంచ్‌మార్క్‌కు 500 సెకన్లు, అంటే 8 నిమిషాల పైన. ఇరవై రూల్స్‌కు దాదాపు మూడు గంటలు. తొందరలో ఫోర్క్‌ల సంఖ్యను ఒకటికి తగ్గించకండి, ఒకే జేవీఎంలో కంపైలర్ తీసుకున్న నిర్ణయాల వల్ల వచ్చే తేడా ఫోర్క్‌లు పెంచితేనే బయటపడుతుంది. తెచ్చుకున్న సింటాక్స్ ట్రీని రూల్ ఎక్కడైనా మారుస్తుందేమో, దాని మీద ఏమైనా గుర్తులు రాసి పెడుతుందేమో ముందే చూసుకోవాలి. అలా రాస్తే రెండో పిలుపు నుంచి పని తేలికైపోతుంది.

ఈ అంకె మొత్తం టూల్ గురించి ఏమీ చెప్పదు. రూల్ మూడింతల వేగం పెరిగినా, మొత్తం సమయంలో దాని వాటా ఒక శాతమే అయితే ఎవరికీ తేడా తెలియదు.

స్టార్టప్ క్యాష్‌లు

రన్‌టైమే తన స్టార్టప్ పనిని ఒకసారి చేసి దాచుకునే ఏర్పాట్లు ఇప్పుడు బాగా పెరిగాయి. జావాలో క్లాస్ డేటా షేరింగ్‌ను (లోడైన క్లాసుల సమాచారాన్ని ఆర్కైవ్ ఫైలుగా దాచి వాడుకోవడాన్ని) జావా కిట్ అయిన జేడీకే 10లో మన సొంత క్లాసులకూ విస్తరించారు. జేడీకే 13 నుంచి ఒక మామూలు రన్ ముగిసేటప్పుడే ఆ ఆర్కైవ్‌ను రాసుకోవచ్చు, జేడీకే 19 నుంచి ఒక్క ఆప్షన్ పెడితే అదే తయారు చేసుకుని అదే వాడుకుంటుంది. 2025 మార్చిలో వచ్చిన జేడీకే 24లో ఏఓటీ క్యాష్ దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళింది. జావాస్క్రిప్ట్ రన్‌టైమ్ నోడ్‌లో 22.1 వెర్షన్ నుంచి కంపైల్ క్యాష్ ఉంది. టైప్‌స్క్రిప్ట్ 5.7 దాన్ని వాడుకున్నప్పుడు వెర్షన్ చూపించే కమాండ్ సుమారు 122 మిల్లీసెకన్ల నుంచి 48కి తగ్గిందని ఆ టీమే తమ విడుదల ప్రకటనలో చూపించింది. విశ్లేషణ ఒక్క లైను కూడా జరగని కమాండ్ అది. అంత ఖర్చు వాడేవారి మీద ప్రతిసారీ పడుతూ వచ్చిందన్నమాట.

ఈ దారిలో నాకు నచ్చేది, మీ కొలతకు వచ్చిన లాభం వాడేవారికి కూడా అందించగలగడం. షరతు ఒక్కటే, ఆర్కైవ్‌ను మీ మెషిన్‌లో మాత్రమే పెట్టుకోకుండా విడుదలతో పాటు పంపాలి. జేడీకే వెర్షన్ మారినా, క్లాస్‌పాత్‌లో జార్‌లు మారినా పాత ఆర్కైవ్ పనికిరాదు, మామూలు అమరికలో జేవీఎం ఆగిపోకుండా దాన్ని పక్కన పెట్టి నెమ్మదిగా మొదలవుతుంది. కాబట్టి ఆర్కైవ్ నిజంగా వాడుతోందో లేదో లాగ్‌లో చూసుకోవాలి.

కంపైలేషన్‌ను సీ1 దగ్గరే ఆపేసే ఆప్షన్‌ను కూడా కొందరు సూచిస్తారు. చిన్న రన్‌లకు అది మేలు చేస్తుంది, పెద్ద ప్రాజెక్టుల మీద కీడు చేస్తుంది. దాన్ని పెట్టి కొలిచిన అంకెలతో రూల్స్‌ను పోల్చవద్దు.

నేటివ్ బైనరీ

గ్రాల్ వీఎం నేటివ్ ఇమేజ్‌తో జావా టూల్‌ను ముందే మెషిన్ కోడ్‌గా మార్చుకుంటే క్లాస్ లోడింగ్, వార్మప్ రెండూ దాదాపు మాయమవుతాయి. పైథాన్ వైపు మైపై టీమ్ 2019 నుంచి మైపైసీతో తమ టూల్‌ను కంపైల్ చేసి ఇస్తోంది, దాదాపు నాలుగింతల వేగం వచ్చిందని వారి డాక్యుమెంటేషన్ చెబుతుంది. అయితే నేటివ్ ఇమేజ్‌కు నడిచే కోడంతా బిల్డ్ సమయంలోనే తెలిసి ఉండాలి. విశ్లేషణ టూల్స్ బలమంతా వాడేవారు తమ రూల్స్‌ను జార్‌గా తెచ్చి పెట్టుకోవడంలో ఉంది కదా, సరిగ్గా అదే ఇక్కడ కుదరదు. బిల్డ్‌కు నిమిషాలు పడుతుంది, రిఫ్లెక్షన్ (నడిచేటప్పుడే పేరును బట్టి క్లాసులను వెతికే పద్ధతి) వాడిన చోటల్లా ముందే ప్రకటించాలి. కొలత కోసం మాత్రమే ఈ పని పెట్టుకోవద్దని నా సలహా. వాడేవారికి ఇచ్చేది ఆ బైనరీనే అయితే, అప్పుడు కొలవవలసింది కూడా అదే.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

రూల్స్ రాసేవారైతే సరళరేఖతో మొదలుపెట్టండి, వాలులో తేడా కనిపించి ఇంకా సూక్ష్మంగా చూడాలనుకుంటే జేఎంహెచ్‌కు వెళ్ళండి. నా పాత రూల్ విషయంలో నేను చివరికి చేసింది ఇదే. రెండు గీతల వాలులో తేడా మొదటిసారే స్పష్టంగా కనిపించింది, రివ్యూలో ఆ గ్రాఫ్ పెట్టాక ఇంకో ప్రశ్న రాలేదు.

సీఐ చూసుకునేవారు పెద్ద ప్రాజెక్టు మీద ఒకే రన్‌ను కొలవండి, కానీ జాబ్ నడిచే కంటైనర్‌లోనే కొలవండి. ఒకే ఒక్క ప్రాసెసర్ ఇచ్చిన చిన్న కంటైనర్‌లో జేవీఎం తనంతట తానే సీరియల్ అనే గార్బేజ్ కలెక్టర్‌ను ఎంచుకుంటుంది, మీ పదహారు కోర్ల ల్యాప్‌టాప్‌లో జీ1 అనే కలెక్టర్‌ను ఎంచుకుంటుంది. రెండు చోట్లా కొలిచింది ఒకే టూల్ కాదన్నంత తేడా వస్తుంది.

రెండు టూల్స్‌లో ఏది కొనాలో, ఏది వాడాలో తేల్చుకుంటున్న టీమ్ స్టార్టప్‌ను అసలు తీసేయకూడదు. పైథాన్ టూల్స్ పైలింట్‌నూ రస్ట్ భాషలో రాసిన రఫ్‌నూ పోలుస్తూ రెండింటికీ స్టార్టప్ తీసేసి చూడడం న్యాయంగా అనిపించవచ్చు, కానీ కమిట్ చేసే డెవలపర్ ఎదురుచూసేది పూర్తి సమయం కోసం. పది ఫైళ్ళకు ఒక అంకె, పూర్తి ప్రాజెక్టుకు ఒక అంకె విడివిడిగా చూపించండి. ఈ రెండు టూల్స్ చూసే తప్పుల జాబితా ఒకటి కాదు కాబట్టి, రెండింటిలోనూ ఉన్న రూల్స్‌ను మాత్రమే ఆన్ చేసి కొలవాలి.

ఎంటెక్ ప్రాజెక్టు కోసం కొలిచే విద్యార్థులకు తీసివేత దారి ఆకర్షణీయంగా కనిపిస్తుంది. దానికి బదులు సరళరేఖ వాడి, అన్ని బిందువులనూ రిపోర్టులో పెడితే, పరీక్షకులు అడిగే ప్రశ్నల్లో సగానికి గ్రాఫే సమాధానం చెబుతుంది.

ఎక్కడ కొలుస్తున్నారన్నది

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు బస్సులో గంటన్నర ఖాళీ దొరుకుతుంది కదా అని ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని బెంచ్‌మార్క్ నడిపేవారు మాలో ఉన్నారు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, వేడెక్కినప్పుడు ఇంకా తగ్గించుకుంటుంది. అందులోనూ మొదట పాత వెర్షన్‌ను యాభైసార్లు, ఆ తర్వాత కొత్తదాన్ని యాభైసార్లు నడిపితే, వేడెక్కిన మెషిన్ శిక్షంతా కొత్త వెర్షన్ మీదే పడుతుంది. ఛార్జర్ పెట్టి, బ్రౌజర్ మూసి, పాత కొత్త వెర్షన్లను ఒకటి విడిచి ఒకటి నడపండి. హైపర్‌ఫైన్ మామూలుగా కనీసం 10 రన్‌లు, 3 సెకన్లు కొలుస్తుంది, కానీ ఇచ్చిన కమాండ్లను ఒకదాని రన్‌లన్నీ పూర్తయ్యాకే రెండోది మొదలుపెడుతుంది. మార్చి మార్చి నడపాలంటే పది లైన్ల షెల్ స్క్రిప్టు రాసుకోవాలి. మా స్క్రిప్టు జేడీకే వెర్షన్, కమిట్ నంబరు, క్యాష్ తుడిచామా లేదా, డీమన్ ఉందా లేదా అన్న నాలుగు సంగతులను ప్రతి ఫలితం పక్కన రాసి పెడుతుంది. ఆరు నెలల తర్వాత ఆ ఫైలు తెరిచినప్పుడు అంకెల కంటే ముందు మేము చూసేది ఆ నాలుగు గడులనే.